ముందు పరీక్షలు, ఆ తర్వాతే మూలికలు

సింగపూర్‌లో ఉద్యోగం చేస్తూ, ముప్పై అయిదు దాటాక పిల్లల కోసం ఎదురుచూస్తున్న తెలుగు మహిళలకు ఆఫీసులో తరచూ వినిపించే మాట, "మా చైనా వైద్యుడి దగ్గరికి ఒకసారి వెళ్లు" అని. ఆయన నాడి పట్టి, నాలుక చూసి దాంగ్ గుయ్, షు దీ హ్వాంగ్, తు సి జీ లాంటి మూలికలు కలిపి ఇస్తారు. వెళ్లొద్దని నేను అనను. మొదటి అడుగు మాత్రం అది కాకూడదు.

వయసు ప్రభావాన్ని చైనా సంప్రదాయ వైద్యం ఏనాడో గుర్తించింది. 'హ్వాంగ్ దీ నేయ్ జింగ్' అనే ప్రాచీన గ్రంథం స్త్రీ జీవితాన్ని ఏడేళ్ల చొప్పున లెక్కగట్టి, 35 దగ్గర క్షీణత మొదలై 49కి సంతానశక్తి ముగుస్తుందని చెప్పింది. మూత్రపిండాల్లో దాగిన 'జింగ్' అనే సారం తరిగిపోవడమే కారణమని, దాన్ని నింపడానికే మూలికలని వారి నమ్మకం. గమనింపు నిజమే. కానీ అండాలన్నీ పుట్టుకతోనే వస్తాయి. పుట్టినప్పుడు పది ఇరవై లక్షలుండేవి రజస్వల నాటికి మూడు నాలుగు లక్షలకు దిగుతాయి. 37 దాటాక తరుగుదల ఇంకా వేగమవుతుంది, మిగిలినవాటిలో క్రోమోజోముల లోపాలూ పెరుగుతాయి. తరిగిన అండాలను మూలికలు తిరిగి తెస్తాయని ఇప్పటివరకు రుజువు కాలేదు. ఆరు నెలలు కషాయం తాగి చూద్దామనుకుంటే పోయేది ఆ ఆరు నెలలే. ఈ వయసులో అది చిన్న నష్టం కాదు.

35 దాటినవారు ఆరు నెలలు ప్రయత్నించినా ఫలితం లేకపోతే, 40 దాటినవారైతే వెంటనే, సంతాన వైద్య నిపుణులను కలవండి. అండాల నిల్వను అంచనా వేసే హార్మోన్ పరీక్షల్లో ఏఎంహెచ్ రక్తపరీక్ష ఏ రోజైనా చేయించుకోవచ్చు. ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్షకు మాత్రం నెలసరి రెండో మూడో రోజు వెళ్లాలి. ఆ ఉదయం మీటింగులు పెట్టుకోకండి. మేనేజరుకు "వైద్య పరీక్ష ఉంది" అంటే చాలు, అంతకుమించి చెప్పాల్సిన పని లేదు. అదే వారంలో భర్త వీర్యపరీక్ష కూడా అయిపోవాలి. భార్య ఏడాదిపాటు మందులు మింగాక గానీ భర్తను పరీక్షకు పంపని ఇళ్లు ఉండటం నన్ను బాధిస్తుంది.

ఆ తర్వాత కూడా మూలికలు వాడాలనిపిస్తే సింగపూర్ సంప్రదాయ చైనా వైద్య బోర్డులో నమోదైన వైద్యుణ్నే ఎంచుకోండి. ఆయనిచ్చే సర్టిఫికెట్‌తో జీతంతో కూడిన సిక్ లీవు ఇవ్వాలని చట్టం కంపెనీని నిర్బంధించదు, కాబట్టి ముందే హెచ్‌ఆర్‌ను అడగండి. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవారికి దాంగ్ గుయ్ ప్రమాదం. ఐవీఎఫ్ మొదలుపెడితే ప్రతి మూలిక పేరూ డాక్టరుకు చూపించాలి. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికిచ్చిన మందుల్లో ఒక చైనా మూలికకు బదులు అరిస్టలోకియా జాతి మొక్క చేరి ఎందరో స్త్రీల మూత్రపిండాలు పాడయ్యాయి. అందుకే పేరూ లేబులూ లేని మాత్రలు ఆన్‌లైన్‌లో కొనకండి.

మీరు 35 దాటి ఆరు నెలలుగా ప్రయత్నిస్తున్నా ఫలితం లేకపోతే, లేదా 40 దాటి ఉంటే, నిపుణుల అపాయింట్‌మెంట్ ఈ వారమే తీసుకోండి.