సమాధానపరచుట: నేర్చుకొనవలసిన పని

పాఠ్యభాగములు: మత్తయి 5:9, 23-24, ఎఫెసీ 2:13-18, యాకోబు 1:19

సమాధానము కావలెనని మనమందరము ప్రార్థింతుము. ప్రభువు ధన్యులని పిలిచినది దానిని కలుగజేయువారిని. సేద్యమువలె, వైద్యమువలె అదియు నేర్చుకొనవలసిన పనియే. వేసవి సెలవులలో పరదేశమునకు పోయి, అట్టి తర్ఫీదులకు సహాయకులుగా పనిచేయు విద్యార్థులు కలరు. అట్టి స్థలములలో ఒకటి ఉత్తర ఐర్లండులోని కారిమీలా.

1. గోడ
అచ్చటి ప్రొటెస్టెంటులును రోమను కతోలికులును ఒకే ప్రభువును ఒప్పుకొనువారే. అయినను 1960ల చివరనుండి 1998 వరకు జరిగిన కలహములలో సుమారు 3,500 మంది చనిపోయిరి. కారణము మతమొక్కటే కాదు. దేశము ఎవరి ఏలుబడిలో నుండవలెనను వాదమును, ఉద్యోగములలోను ఇండ్ల కేటాయింపులోను జరిగిన అన్యాయమును అందులో కలిసియుండెను. 1998 ఏప్రిల్ 10న, శుభ శుక్రవారమున, ఒడంబడిక కుదిరెను. అయినను బెల్‌ఫాస్టు పట్టణములో ఇరుపక్షముల వీధులను వేరుచేయు గోడలు కొన్ని నేటికిని నిలిచియున్నవి. చేవ్రాలు ఒక దినపు పని. భయము ఒక దినమున పోదు.

2. బల్ల
రే డేవీ అను ప్రెస్బిటేరియను బోధకుడు రెండవ ప్రపంచ యుద్ధములో చెరపట్టబడెను. 1945లో డ్రెస్డెన్ పట్టణము బాంబులచే కాలినప్పుడు ఆయన ఆ ప్రాంతముననే యుండెను. 1965లో ఆయనయు బెల్‌ఫాస్టు విద్యార్థులును కలిసి, బాలికాజిల్ సముద్రతీరమున కారిమీలాను స్థాపించిరి. కలహములు చెలరేగకమునుపే ఆ గృహము సిద్ధమైనది. యోసేపు కరవునకు ముందుగానే ధాన్యము కూర్చలేదా? ఇరుపక్షములవారును అచ్చట ఒకే బల్లయొద్ద భుజించి, ఒకరి మాట ఒకరు విందురు.

3. సహాయకుని పాఠము
"సమాధానము బోధింప వచ్చితిని, నాకు పళ్లెములు కడుగు పని ఇచ్చిరే" అని విద్యార్థి తలంచవచ్చును. పళ్లెమును తువాలును మన ప్రభువు చేతపట్టిన పనిముట్లే (యోహాను 13). ఒక వేసవిలో ఎవడును పరుల గాయమును పూర్తిగా ఎరుగజాలడు. కనుక తీర్పు చెప్పుటకు తొందరపడక, మొదట వినవలెను. కుమారుని పోగొట్టుకొనిన తల్లితో "మరచిపొమ్ము" అని చెప్పుట సమాధానపరచుట కాదు. గాయమును పైపైన మాన్పువారిని యిర్మీయా గద్దించెను (6:14).

4. మన గుమ్మము
ఆ విద్యార్థి తిరిగివచ్చినప్పుడు మన సంఘములో ఏమి చూచును? ఇంటిస్థలముకొరకు కోర్టుకెక్కిన అన్నదమ్ములను చూచునా? ప్రభువు బల్లయొద్ద కలిసి, పెండ్లి పందిరిలో కులము నడుగు మనలను చూచునా? సముద్రము దాటి నేర్చినది గడప దాటనియెడల ప్రయోజనమేమి? అర్పణమును బలిపీఠమునొద్ద విడిచి మొదట సహోదరునియొద్దకు వెళ్లుమనిన ఆజ్ఞ మనకే.

ఆలోచించుటకు ప్రశ్నలు
అ) మన సంఘములో ఎవరి మాట ఇంతవరకు ఎవరును వినలేదు?
ఆ) ఈ వారము మనలో ఎవరు మొదట లేచి వెళ్లుదురు?

ప్రార్థన: ప్రభువా, మధ్యగోడను పడగొట్టినవాడా, మేము తిరిగి కట్టుకొనిన గోడలను మాకు చూపుము. ఆమేన్.