సెలవుల్లో నెట్ లేకున్నా జావా ప్రాజెక్ట్



జావా నేర్చుకుంటున్న పిల్లలు సొంత ప్రోగ్రాములతో ఆగకుండా, అనుభవజ్ఞులు రాసిన కోడ్ కూడా చదవాలి. ఇందుకు ప్రత్యేక కోర్సుకు ఫీజు కట్టనక్కర్లేదు. మొదటిసారికి అపాచీ కామన్స్ సీఎస్‌వీ చాలు. మార్కుల జాబితా లాంటి ఫైళ్లను చదివే చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఇది.

ల్యాప్‌టాప్‌లో జేడీకే, మావెన్, ఎక్లిప్స్ ఉండాలి. (జేఆర్ఈ ఒక్కటే ఉంటే మావెన్ కంపైల్ చేయలేదు, ముందు అది చూసుకోండి.) గిట్‌హబ్ నుంచి కోడ్ దించుకుని, ఎక్లిప్స్ ఇంపోర్ట్‌లో ‘ఎగ్జిస్టింగ్ మావెన్ ప్రాజెక్ట్స్’ ఎంచుకోవాలి. కావలసిన లైబ్రరీలు నెట్ నుంచి దిగేదాకా స్క్రీన్‌పై ఎర్ర గుర్తులు కనిపించవచ్చు. అది పిల్లల తప్పు కాదు, దయచేసి కోప్పడకండి.

సెలవులకు రాయదుర్గం, కళ్యాణదుర్గం వైపు పల్లెలకు వెళ్లేవారు మాత్రం అనంతపురంలో వైఫై ఉండగానే కమాండ్ విండోలో ‘ఎంవీఎన్ టెస్ట్’ ఒకసారి పూర్తిగా నడిపించాలి. దిగినవన్నీ ‘డాట్ ఎం2’ ఫోల్డర్‌లో ఉండిపోతాయి. మధ్యలో కరెంటు పోతే మళ్లీ నడిపితే సరి, వచ్చేసిన ఫైళ్లు మళ్లీ దిగవు. ఊళ్లో సిగ్నల్ లేకపోయినా ‘ఎంవీఎన్’ తర్వాత ‘హైఫన్ ఓ’ చేర్చి టెస్టులు నడపవచ్చు.

అప్పుడొక ప్రశ్న వేయండి: కొటేషన్ గుర్తుల్లో ‘అనంతపురం, ఆంధ్రప్రదేశ్’ అని ఉంటే, ఆ కామా దగ్గర గడి ఎందుకు విడిపోదు? జవాబు ఆ కోడ్‌లోనే ఉంది.