నవోదయ బడికి దారి

పాలమూరు పల్లెల నుంచి చాలామంది హైదరాబాదుకు కూలికి పోతారు. పిల్లల్నీ వెంట తీసుకుపోతారు. పోయేముందు ఒక సంగతి తెలుసుకోవాలి.

నవోదయ బడిలో చదువు, తిండి, వసతి ఉచితం. ఐదో తరగతి పిల్లలు పరీక్ష రాసి, నెగ్గితే ఆరులో చేరతారు. ఒక్కసారే రాయనిస్తారు. తెలుగులో రాయవచ్చు.

నూటికి 75 సీట్లు పల్లె పిల్లలకే. కాని 3, 4, 5 తరగతులు పల్లె బడిలోనే చదవాలి. మధ్యలో పట్నం బడిలో చేరిస్తే మిగతా సీట్లకే పోటీ పడాలి. ఆ మూడేండ్లు పిల్లల్ని ఊళ్లో అవ్వ దగ్గర ఉంచితే మేలు.

పరీక్షలో 80 ప్రశ్నలు. బొమ్మలవి 40, లెక్కలవి 20, భాషవి 20. తప్పు రాసినా మార్కులు తగ్గవు. ఏదీ వదలొద్దు. రోజూ గడియారం పెట్టి రాయించండి.

లెక్క చెయ్యండి: 80 ప్రశ్నలకు 120 నిమిషాలు. ఒక్కోదానికి ఎంత?