వికారం, వాంతులు: చెంచాడు నీళ్లే మొదటి మందు

వాంతి జబ్బు కాదు, జబ్బుకు ఒక గుర్తు. పాచిపోయిన అన్నమో, కలుషితమైన నీరో లోపలికి వెళితే శరీరం దాన్ని బయటికి నెట్టేస్తుంది. ఆ ఆజ్ఞ ఇచ్చేది కడుపు కాదు, మెదడులోని మజ్జాముఖం. దానికి కబురు పేగుల నుంచే కాక లోపలి చెవి నుంచి, రక్తం నుంచి కూడా అందుతుంది. అందుకే బస్సు ప్రయాణంలోను, గర్భం తొలి నెలల్లోను, కొన్ని మందులు వాడినప్పుడు కూడా వికారం పుడుతుంది.

వాంతి కంటే ప్రమాదం, దానితో పోయే నీరు, లవణాలు. "ఏం తాగించినా కక్కేస్తున్నాడు" అని చాలా ఇళ్లలో నీళ్లు కూడా మాన్పిస్తారు. ఇది తప్పు. గ్లూకోజు తోడుంటే పేగు ఉప్పును, దానితోపాటు నీటిని పీల్చుకుంటుంది. ఓ.ఆర్.ఎస్. పనిచేసేది ఈ సూత్రం మీదే. 1971లో బెంగాల్ సరిహద్దులోని బంగావ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలి, సెలైన్ చాలనప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి ద్రావణాన్నే తాగించి ఎందరి ప్రాణాలో నిలబెట్టారు.

చేయవలసినవి:

1. లీటరు ప్యాకెట్టును మొత్తం ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపాలి. 24 గంటలు దాటితే పారబోయాలి.

2. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీటికి 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, తలకొట్టి కొలిచి కలపాలి. ఉప్పు ఎక్కువైతే హాని.

3. వాంతి అయ్యాక 10 నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకు ఒక చెంచా చొప్పున పట్టాలి. గ్లాసుడు ఒక్కసారి తాగిస్తే మళ్లీ కక్కుతారు.

4. చంటిబిడ్డకు తల్లిపాలు ఆపకూడదు. కూల్‌డ్రింకులు వద్దు.

5. గర్భిణులు కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు తినాలి. ప్రయాణంలో ముందు సీట్లో కూర్చుని దూరంగా చూడాలి.

వాంతిలో రక్తం లేదా ఆకుపచ్చని పసరు, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం, కళ్లు గుంటలు పడటం, మగత, ఛాతీనొప్పి, తీవ్రమైన తలనొప్పి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కిరోసిన్, యాసిడ్ మింగినవారి చేత వాంతి చేయించకూడదు.

ప్రతి ఇంట్లో రెండు ప్యాకెట్లు ఉండాలి. ఆశా కార్యకర్తల దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. కలిపే పద్ధతి పెద్ద పిల్లలకూ నేర్పండి. అర్ధరాత్రి అవసరం పడితే ఆ పాఠమే ఆదుకుంటుంది.