పంచాయతీ కంప్యూటరులో క్రొత్త ఆపరేటింగ్ సిస్టము

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 కు మైక్రోసాఫ్టు సంస్థ సాధారణ మద్దతును ముగించినది. ఆ మరునాడు కంప్యూటర్లు ఆగిపోలేదు. నేటికిని పనిచేయుచునే యున్నవి. అయితే క్రొత్తగా బయటపడు లోపములను పూడ్చు సవరణలు వానికి మామూలుగా రావు. రుసుము చెల్లించు సంస్థలకు మాత్రము మరికొంత కాలము లభించును. ఇంటిపన్ను లెక్కలు, సభా తీర్మానములు, బిల్లుల చెల్లింపులు నడచు యంత్రము విషయమున దీనిని ఉపేక్షింపరాదు.

ఆపరేటింగ్ సిస్టమనగా కంప్యూటరులోని పనులన్నింటిని నడపు మూల ప్రోగ్రాము. పాత ప్రాసెసర్లు గల పెక్కు యంత్రములు విండోస్ 11 కు అర్హములు కావు. అట్టివానిలో లినక్సుపై నడచు ఉబుంటును వేసికొనవచ్చును. దానికి వెల లేదు. రెండేండ్లకొకసారి వెలువడు దాని దీర్ఘకాలపు కూర్పునకు 5 సంవత్సరములు సవరణలు ఉచితముగా అందును. కంప్యూటరు ప్రభుత్వము సరఫరా చేసినదైనచో ముందుగా మండల పరిషత్తు అధికారులతో సంప్రదింపవలెను.

క్రొత్త ఇంట పాలు పొంగింపక మునుపే పాత ఇల్లు పడగొట్టుకొనువారు లేరు గదా! ఉబుంటును పెన్‌డ్రైవు నుండియే నడిపి, హార్డుడిస్కును ముట్టకుండ పరీక్షించు వీలు గలదు. ప్రింటరు పలుకుచున్నదా, ఇంటర్నెట్టు అందుచున్నదా యని ఆ పూటనే తెలియును. స్థాపించునప్పుడు డిస్కును పూర్తిగా చెరిపివేయు ఎంపిక ఒకటి కనబడును. రికార్డులకు వేరొక డిస్కులో నకలు తీసి, ఆ నకలు మరియొక కంప్యూటరులో తెరచుకొనుచున్నదని చూచిన పిదపనే దానిని నొక్కవలెను.

మేము గట్టిగా హెచ్చరింపదలచినది డిజిటల్ సంతకపు టోకెను గురించి. ఈ-గ్రామస్వరాజ్‌లో చెల్లింపులు ఆ సంతకముతోనే జరుగును. టోకెనునకు లినక్సు డ్రైవరు ఉండవలెను. బ్రౌజరు నుండి సంతకము చేయించు ప్రోగ్రాము కూడ పనిచేయవలెను. రెండింటిలో ఏది లోపించినను పారిశుధ్య కార్మికుల వేతనపు బిల్లు నిలిచిపోవచ్చును. కావున ఒక చెల్లింపు ఆసాంతము జరుగువరకు పాత విండోసును ప్రక్కనే ఉంచుకొనుట మంచిది. ఒకే యంత్రములో రెండును ఇముడును.

తెలుగు సంగతి మరియొకటి. అను ఫాంట్లతో టైపు చేసిన పాత తీర్మానములు క్రొత్త సిస్టములో అర్థములేని గుర్తులుగా కనబడును. ఫైలు చెడినదని కంగారుపడ నక్కరలేదు. ఆ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరముల సంకేతములకే తెలుగు రూపములు తొడిగినారు; ఫాంటు లేనిచో ముసుగు తొలగును. యూనికోడులో ప్రతి తెలుగు అక్షరమునకు స్వంత సంఖ్య యున్నది, ‘క’కు 3093. పాత ఫైళ్లను యూనికోడులోనికి మార్చు ప్రోగ్రాములు గలవు గాని, మార్చిన పిదప ఒత్తులను, పేర్లను, సర్వే నంబర్లను కార్యదర్శి మూలముతో సరిచూడక తప్పదు.

టైపు చేయుటకు సెట్టింగులలోని కీబోర్డు విభాగమున తెలుగును చేర్చిన చాలును. విండోస్ గుర్తు గల మీటను, స్పేసు మీటను కలిపి నొక్కినచో భాష మారును. వర్డు, ఎక్సెలు ఫైళ్లను లిబ్రెఆఫీసు తెరచును. పట్టికల వరుసలు అక్కడక్కడ జరుగవచ్చును, మాక్రోలు పనిచేయకపోవచ్చును. విండోసు కొరకు చేసిన ప్రోగ్రాములు ఇందు నేరుగా నడువవు. వానికి బదులు కావలసినవి ఉబుంటు యాప్ సెంటరు నుండి పొందవలెను. ఫైళ్ల పేర్లలో ఇంగ్లీషు పెద్ద అక్షరము, చిన్న అక్షరము వేరువేరుగా లెక్కకు వచ్చును. మొదటి వారము దీనితో కొంత విసుగు తప్పదు.

క్రొత్త ప్రోగ్రాము చేర్చునప్పుడెల్ల సిస్టము పాస్‌వర్డు అడుగును. అది ఒక్క కార్యదర్శికే తెలిసి, వారు బదిలీయై వెళ్లినచో కార్యాలయము ఇబ్బందిలో పడును. దానిని కవరులో పెట్టి, సీలు వేసి, సర్పంచి ఎదుట బీరువాలో భద్రపరచి, ఆ సంగతి చార్జి జాబితాలో వ్రాయవలెను. టోకెను పాస్‌వర్డు మాత్రము అందులో చేర్చరాదు. అది సంతకము చేయువారి స్వంతము.