చేతికి తగిన ఇనుము: గోల్ఫ్ ఐరన్ల ఎంపిక

గోల్ఫ్ అనగానే మన విద్యార్థి మిత్రులు చాలామంది "అది పెద్దవాళ్ల ఆట, మనది కాదు లెండి" అని పెదవి విరుస్తారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయినా కలకత్తాలో 1829లోనే గోల్ఫ్ క్లబ్బు వెలిసింది. మన విశాఖపట్నంలోని ఈస్ట్ పాయింట్ క్లబ్బు 1884 నాటిది. కాబట్టి ఆట మన గడ్డకు కొత్తదేమీ కాదు. ఆడే విధానం నేర్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆటగాడు తన స్థాయికి తగిన ఐరన్లను ఎలా ఎంచుకోవాలి, అందులో ఇమిడి ఉన్న భౌతికశాస్త్రం ఏమిటి అన్నది నేను చేసిన పొరపాటునే ఉదాహరణగా పెట్టుకొని చెబుతాను.

గోల్ఫ్ సంచిలో 14 కర్రలకు మించి ఉండరాదని నియమం. చాలా దూరం కొట్టడానికి డ్రైవరు, గుంతలోకి దొర్లించడానికి పట్టర్ ఉంటాయి. ఈ రెంటికీ మధ్య దూరాలకు వాడే ఇనుప తల కర్రలే ఐరన్లు. నంబరు పెరిగిన కొద్దీ తల ముఖం మరింత వెనక్కి వాలి ఉంటుంది. అందువల్ల బంతి ఎత్తుగా లేచి, తక్కువ దూరంలో పడుతుంది. ఈ వాలునే లాఫ్టు అంటారు.

మామయ్య ఇచ్చిన సెట్టు

మా మేనమామ మంచి ఆటగాడు. వయసు మీదపడి ఆట మానేస్తూ, తన సెట్టు నాకిచ్చాడు. అవి బ్లేడ్లు. అంటే కొలిమిలో కాల్చి సాగగొట్టి చేసిన, సన్నని, వెనకవైపు నున్నగా ఉండే ఐరన్లు. చూడడానికి ఎంత అందమో! వాటిని భుజాన వేసుకొని నడుస్తుంటే నేనూ ఆటగాణ్ణయిపోయాననుకున్నాను.

రెండేళ్లు అవస్థపడ్డాను. బంతి ముఖం మధ్యలో తగిలితే కొట్టినట్టే తెలిసేది కాదు. అర అంగుళం పక్కకు తగిలిందా, మోచేతిదాకా జివ్వుమనేది. చివరికి బోర్డు మీద రాయడానికి సుద్దముక్క పట్టుకోలేని స్థితి వచ్చింది. లోపం నాదే, ఈ ఆట నాకు రాసిపెట్టి లేదు, మానేద్దామనుకున్నాను.

ఆ మాట వింటూనే, ముప్ఫయ్యేళ్లుగా అక్కడ సంచులు మోస్తున్న ఒక పెద్దాయన, "మానేద్దురు గానీ మాస్టారూ, ముందు కాస్త పౌడరు తెప్పించండి" అన్నాడు. ఏడో నంబరు ఐరన్ ముఖానికి పౌడరు అద్ది పది బంతులు కొట్టమన్నాడు. ప్రతి దెబ్బకీ తుడిచి, మళ్లీ అద్దాడు. పదింటిలో ఏడు మచ్చలు తల చివర పడ్డాయి. మధ్యలో పడింది ఒక్కటే.

"చూసేరా? ఈ ఇనుము మీది కాదండి, మీ మావయ్యగారిది. ఆయనకి మధ్యలో తగిలేది" అన్నాడు.

నాకు సిగ్గేసింది. భ్రమణ జడత్వాన్ని ఏటా బి.యస్సీ. పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి నేను. నా సంచిలోనే ఉన్న పాఠాన్ని ఆయన చదివాడు, నేను చదవలేదు!

లోపలి శాస్త్రం

బంతి ఐరన్ తల గరిమనాభికి సూటిగా తగిలితే తల మెలితిరగదు. పక్కకు తగిలితే తల ఆ నాభి చుట్టూ మెలితిరుగుతుంది. ముఖం దారి తప్పుతుంది, బంతికి చేరవలసిన శక్తి తగ్గిపోతుంది, చేతికి అదురు వస్తుంది. ఈ మెలికను ఎదిరించేదే భ్రమణ జడత్వం. అది బరువు మీదనే కాక, ఆ బరువు నాభికి ఎంత దూరంలో ఉందనే దాని వర్గం మీద ఆధారపడుతుంది. ఐరన్ తల బరువు సుమారు పావు కిలో. అందులో 2 సెంటీమీటర్ల దూరాన ఉన్న 20 గ్రాములను 4 సెంటీమీటర్లకు జరిపితే, బరువు పెరగకుండానే ఆ భాగపు జడత్వం నాలుగింతలవుతుంది. తాడుమీద నడిచేవాడు పొడవైన గడ పట్టుకునేది ఇందుకే.

జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఇంజనీరుగా ఉన్న కార్‌స్టెన్ సోల్‌హైమ్ ఈ సూత్రాన్నే గోల్ఫులో ప్రయోగించాడు. 1959లో తన పింగ్ పట్టర్‌లో బరువును రెండు కొసలకూ పంచాడు. తర్వాత ఐరన్ల వెనకభాగాన్ని తొలిచి బరువును అంచులకు చేర్చాడు. 1982లో వచ్చిన పింగ్ ఐ 2 ఐరన్లు ఎంతో పేరు పొందాయి. వీటినే క్యావిటీ బ్యాక్ అంటారు. ఇలాంటివాటిని చాలావరకు మైనపు అచ్చుతో పోతపోస్తారు. మన పంచలోహ విగ్రహాలు పోసే పద్ధతి కూడా మూలంలో అదే.

ఎవరికి ఏది?

కొత్తగా నేర్చుకునేవారికి, హ్యాండిక్యాప్ 20 దాటినవారికి వెనక లోతుగా తొలిచిన, అడుగు వెడల్పాటి ఐరన్లు మంచివి. వెడల్పు అడుగు నేలలో దిగబడదు. 10కీ 20కీ మధ్య ఉన్నవారికి కాస్త చిన్న తల గల క్యావిటీ ఐరన్లు సరిపోతాయి. అంతకన్నా నేర్పరులు, ఎక్కువసార్లు మధ్యలోనే కొట్టగలవారు బ్లేడ్ల జోలికి పోవచ్చు. వృత్తి ఆటగాళ్లలోనూ చాలామంది చిన్న నంబర్లకు క్యావిటీలే వాడతారు. ఇవి కొండగుర్తులే గానీ శాసనాలు కావు. అసలు సాక్షి ఆ పౌడరు మచ్చే.

కర్ర కాడ సంగతీ చూసుకోవాలి. మామూలు స్టీలు కాడ 120 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. 60, 70 గ్రాముల గ్రాఫైటు కాడలూ దొరుకుతాయి. నెమ్మదిగా ఊపేవారికి, కీళ్ల నొప్పులున్నవారికి గ్రాఫైటు హాయి.

ఒక హెచ్చరిక. ఇప్పటి సెట్లలో ఏడో నంబరు లాఫ్టు కొన్నిట్లో 30 డిగ్రీలకు లోపే ఉంటుంది. పాత రోజుల్లో అది దాదాపు అయిదో నంబరు వాలు. "నా ఏడో నంబరు ఎంత దూరం పోయిందో!" అని మురిసిపోయే ముందు ఆ అంకె కింద దాగిన డిగ్రీలు చూడండి. మరొకటి: క్షమించే ఐరన్ తప్పును తగ్గించి చూపుతుందే గానీ, దిద్దదు. దిద్దుకోవలసింది మనమే.

మామయ్య సెట్టు ఆయనకే తిరిగి ఇచ్చేశాను. నొచ్చుకుంటాడేమోనని భయపడ్డాను గానీ, "నేనూ మొదట్లో వీటితో ఏడ్చినవాణ్ణేరా" అని నవ్వేశాడు. పాత క్యావిటీ సెట్టొకటి కొనుక్కున్నాను. ఏడాదిన్నరలో నా హ్యాండిక్యాప్ 28 నుంచి 21కి దిగింది. గొప్పేమీ కాదు, కానీ మోచెయ్యి నొప్పి పోయింది, ఆట మిగిలింది.

ఇప్పుడు భ్రమణ జడత్వం పాఠం వచ్చిన రోజున అరువు తెచ్చిన ఒక బ్లేడునూ, నా క్యావిటీ ఐరన్‌నూ క్లాసుకు పట్టుకెళ్తాను. సూత్రం బోర్డు మీద రాయడానికి ముందే రెండింటినీ పిల్లల చేతికిస్తాను. ఆ పాఠం నాకు నేర్పిన పెద్దాయనకు మాత్రం ఈనాటికీ సొంత సెట్టు లేదన్న సంగతి కూడా వాళ్లకు చెబుతాను.