సిగ్గెందుకే చెల్లీ!

మొన్న రాత్రి ఫోన్లో గొంతు తగ్గించి అడిగావు చూడు, "అక్కా, నేను శుభ్రంగానే ఉంటాను కదా, ఈ దురద నాకెందుకొచ్చింది?" అని. ఆ మాట తలుచుకుంటే నాకింకా కడుపులో దేవినట్టుంది. దురద కంటే సిగ్గే నిన్ను ఎక్కువ బాధపెడుతోంది.

ముందు ఇది విను. ఇది శుభ్రత లేక వచ్చేది కాదు. క్యాండిడా అని ఒక ఫంగస్ ఉంది, బ్రెడ్డు పొంగించే ఈస్టుకు చుట్టం. చాలామందికి నోట్లో, పేగుల్లో, యోనిలో ఏ హానీ చేయకుండా కాపురం ఉంటుంది. మాడు మీద మలసీజియా అని ఇంకోటి, అక్కడి జిడ్డే దాని తిండి. అది పేట్రేగితే చుండ్రు రావచ్చు. వీటివల్ల మేలు కూడా ఉందే! పేగుల్లోని క్యాండిడాతో మెలిగి మెలిగి మన రక్షణ కణాలు వేరే ఫంగస్‌లను కూడా పసిగట్టడం నేర్చుకుంటాయి.

మరి హాని చేయని ఆ క్యాండిడా ఇప్పుడెందుకు రెచ్చిపోయింది? జలుబు చేసిందని మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ మింగావు. జలుబు వైరస్‌ను అది ఏమీ చేయలేదు, ఫంగస్‌నూ ముట్టుకోదు. చచ్చింది లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియా. అవి లాక్టిక్ ఆమ్లం తయారుచేసి, యోనిలో పులుపు తగ్గకుండా చూస్తూ క్యాండిడాను అదుపులో పెడతాయి. కాపలా పోయింది, అది పెరిగింది. నువ్వేమో రోజుకు నాలుగుసార్లు సబ్బుతో లోపల కడిగి మిగిలిన కాపలానూ తరిమేస్తున్నావు. ఆ పని ఇవాళే మానెయ్. బయట కడగడానికి మామూలు నీళ్లు, వేసుకోవడానికి నూలు లోదుస్తులు చాలు.

నలుగురు ఆడవాళ్లలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుంది. మన అమ్మలకూ వచ్చే ఉంటుంది, నోరు విప్పి చెప్పుకోలేదంతే. పాపం, ఎన్నేళ్లు ఓర్చుకున్నారో!

పక్కింటావిడ ఇచ్చిన ట్యూబు మాత్రం రాయకు. అందులో స్టెరాయిడ్ ఉండొచ్చు. అలాంటి క్రీము రాస్తే దురద రెండ్రోజులు తగ్గినట్టే ఉంటుంది, లోపల ఫంగస్ బలుస్తుంది. తామర కూడా ఫంగసే, అది మొండికెత్తి ఒళ్లంతా పాకడానికి ఇదో పెద్ద కారణం. తెల్లబట్ట విరిగిన పాలముక్కల్లా అవుతోందన్నావు, క్యాండిడా అయ్యుండొచ్చు. అయినా ఇలాంటి దురదే వేరే ఇన్‌ఫెక్షన్లలోనూ ఉంటుంది కాబట్టి లేడీ డాక్టర్‌కు చూపించు. నెల తప్పిందన్న అనుమానముంటే ఆ మాట ముందే చెప్పు.

ఇంకొకటి. ఏడాదిలో ఇది నీకు మూడోసారి, పైగా అమ్మకు షుగర్ ఉంది. రక్తంలో చక్కెర ఎక్కువైతే క్యాండిడాకు పండగే. రేపు పరగడుపునే వెళ్లి షుగర్ పరీక్ష చేయించుకో, రిపోర్టు రాగానే నాకు ఫోన్ చెయ్. ఈసారి గొంతు తగ్గించకు.